అడ్వాన్సులో కళిచ్చుకోండి

మా అమ్మాయి కోయంబత్తూరులో ఇంకో ఇద్దరు ఆడపిల్లలతో కలిసి ఒక ఫ్లాటులో ఉంటోంది. పోయిన నెల ఒక సాయంత్రం ఫోన్ చేసి, పలకరింపు కూడా లేకుండా, "నాయినా, నువ్వే చెప్పు, ఇది నాయమా?" అంది. ముగ్గురిలో ఒకమ్మాయికి బెంగళూరులో మంచి ఉద్యోగం దొరికిందట. రెండు రోజుల్లో పెట్టె సర్దుకుని వెళ్లిపోయిందట. అగ్రిమెంటుకు ఇంకా ఏడు నెలలుంది. తన వంతు అద్దె ఇక ఇవ్వనంటోంది. ముగ్గురూ కలిసి సంతకం పెట్టారు గనక ఎవరు పోయినా, ఎవరు ఉన్నా మొత్తం అద్దె తనకు రావలసిందేనని ఇంటి ఓనరు అంటున్నాడు. కాగితంలో కూడా అలాగే రాసి ఉంది. నేను గొంతు సవరించుకుని తీర్పు చెప్పాను. తన బదులు ఇంకొకరిని చూసిపెట్టేదాకా, లేదంటే గడువు తీరేదాకా, ఆ పిల్ల తన వంతు కట్టి తీరాలన్నాను. మంచి ఉద్యోగం వచ్చిందని మిగిలినవాళ్ల నెత్తిన బరువు పెట్టి పోవడం మనుషులు చేసే పని కాదని కూడా అన్నాను. అమ్మాయికి తృప్తిగా ఉంది. ఫోన్ పెట్టేశాక విరుదునగర్‌లో మా ఇంట్లో కంచం ముందు కూర్చుని అన్నం కలపలేకపోయాను. అలా మధ్యలో వదిలి పోయినవాణ్ణి నేనే. నేను వదిలి వచ్చిన మనిషి కోవిల్‌పట్టిలో, ఇక్కడికి గంట బస్సు దూరంలో ఉన్నాడు. ముప్పై ఏళ్లకు పైగా ఆ గంట దూరం నేను పోలేదు.

అప్పుడు నాకు ఇరవై రెండో ఇరవై మూడో. మాది కారియాపట్టి పక్క పల్లె. వానను నమ్ముకున్న చేలు, వాన నమ్మించి మోసం చేసిన ఏళ్లు. కోవిల్‌పట్టిలో ఒక నూలు మిల్లులో పని నేర్చుకునేవాడిగా చేరాను. ఇంట్లో మాది తెలుగే గాని, మిల్లులో అందరి మాటా అరవమే, నాది కూడా. ఒకనాడు నా పక్క వరసలో పనిచేసే కుర్రాడి పాదం మీదికి నూలు కండెల బండి ఎక్కింది. "అమ్మా, సస్తిని" అని వాడు తెలుగులో అరిచాడు. నేను సాయం పట్టకుండా నవ్వాను. వాడు కాలు పట్టుకునే నావైపు చూసి, "నీకి అర్థమాయెనా?" అన్నాడు. అలా దొరికాడు అరుళ్‌రాజు. వాళ్లది ఏళాయిరంపన్నై. తండ్రి లేడు. తల్లి రత్నమ్మ పొద్దంతా టపాసుల పనికి పోయి, ఇంటికొచ్చాక అగ్గిపెట్టెలు అతికేది. ఆదివారం గుడికి, అంటే చర్చికి, పోయే కుటుంబం. వాడికి ఒకటే కోరిక. లారీ నడపడం నేర్చుకుని, హెవీ లైసెన్సు తీసి, అగ్గిపెట్టెల లోడు వేసుకుని ఉత్తరాదికి పోవాలి. ఢిల్లీ దారిలో ఎక్కడెక్కడ తిండి బాగుంటుందో, ఇంకా ఎక్కని లారీ గురించి నాకు చెప్పేవాడు.

మిల్లుకు దగ్గర్లో గది వెతుకుతూ గురవమ్మ అనే ఆవిడ ఇంటికి వెళ్లాం. పల్లెలో పొలం అమ్ముకుని పట్నం చేరిన వితంతువు. ముందు అరవంలో మాట్లాడి, నా ఊరు విన్నాక తెలుగులోకి దిగింది. ఏ ఇంటివాళ్లు, ఎవరి మనమడు అని నాలుగు తరాలు తవ్వి సంతోషించింది. తరవాత అరుళ్ వైపు గడ్డం ఎత్తి, "ఈ పిల్లగాడు మనవాడేనా?" అంది. మా ప్రాంతంలో ఆ మాట అడిగితే తెలుగు మాట్లాడతాడా అని కాదు అర్థం. అది నాకు తెలుసు, అరుళ్‌కి నాకంటే బాగా తెలుసు. నేను తడుముకోకుండా, "మా చిన్నాయన కొడుకు, పెద్దమ్మా. తమ్ముడు" అన్నాను. వాడి పేరు అడిగితే నేనే ముందుకొచ్చి రాజు అని చెప్పాను. ఆ రోజు నేను చాలా గొప్ప పని చేశాననుకున్నాను.

ఆవిడ కొడుకు పత్రం రాశాడు. పదకొండు నెలలు. ఐదు నెలల అద్దె అడ్వాన్సు. నడుమ ఖాళీ చేస్తే అడ్వాన్సు తిరిగి రాదు. గడువు తీరాక ఖాళీ చేస్తే అందులో ఒక నెల అద్దె సున్నం కొట్టడానికి పట్టుకుని మిగిలింది ఇస్తారు. అరుళ్ సంతకం పెట్టబోతే గురవమ్మ, "అన్న పెట్టె గదా, సాలు" అని కాగితం మడిచేసింది. అడ్వాన్సులో సగం మాత్రం వాడిదే. రత్నమ్మ చీటీ నష్టానికి పాడి తెచ్చిన డబ్బు. పదకొండు నెలల తరవాత అది తిరిగి రాగానే డ్రైవింగు స్కూలులో కట్టాలని తల్లీకొడుకులు అనుకున్నారు.

ఆ ఇంట్లో నేనున్నది మూడు నెలలే గాని, ముప్పై ఏళ్లున్న ఇల్లు కూడా నాకు అంత బాగా గుర్తుండదు. తెల్లవారుతుండగా పక్క వీధిలో వేరుశనగ మిఠాయి చేసేవాళ్లు బెల్లం పాకం ఎక్కించేవారు. ఆ వాసనతో ఆకలి మేలుకునేది. సాయంత్రం అగ్గిపెట్టెల ఫ్యాక్టరీల నుంచి తిరిగివచ్చే ఆడవాళ్ల చీరల వెంట మైనం, అగ్గిమందు కలిసిన ఒక ఘాటు వీధిలోకి వచ్చేది. కుళాయి నీళ్లు వారానికోసారి. వచ్చిన రోజు అరుళ్ బిందెలు మోసి మా ఇద్దరికీ, గురవమ్మకూ నింపేవాడు. నేను నిద్ర నటించేవాణ్ణి. ఆవిడ కోడి కంటే ముందు లేచి, మొగుడి ఫోటో ముందు నిలబడి నిన్న జరిగినవన్నీ అప్పగించేది. ఎవరు ఎంత ఆలస్యంగా వచ్చారు, ఎవరు లైటు ఆర్పలేదు, అన్నీ. పొద్దున పులిసిన సద్దంబలి, ఉల్లిపాయ మాకూ పెట్టేది. పెరటాశి నెల శనివారాలు గోవిందా అని మా ఇద్దరి నుదుటా తనే నామం దిద్దేది. అరుళ్ కదలకుండా కూర్చుని పెట్టించుకునేవాడు. ఆదివారం పొద్దున మటుకు జబ్బుగా ఉన్న తల్లి వైపు అత్తను చూసి వస్తానని చెప్పి గుడికి పోయేవాడు. తిరిగి రాగానే గురవమ్మ, మీ అత్తకి ఎట్లుండాది అని అడిగేది. వాడు ఏదో ఒకటి చెప్పాలి గదా. రెండు నెలల్లో ఆ లేని అత్తకు కామెర్లు వచ్చి తగ్గాయి, మోకాలు వాచింది, బావి గట్టు మీద జారి కాలు విరిగింది. గురవమ్మ ఆమె కోసం శొంఠి, నువ్వుల నూనె కట్టి పంపింది. గదిలోకి వచ్చి తలుపేసుకుని ఇద్దరం నోట్లో గుడ్డ కుక్కుకుని నవ్వేవాళ్లం. అది నా అబద్ధమే అయినా, రోజూ మోసేది వాడని నాకప్పుడు తట్టలేదు.

ఒకసారి వాడితో ఏళాయిరంపన్నై పోయాను. రత్నమ్మ ఎండుచేపల పులుసు చేసింది. మంచినీళ్లు కొత్త గ్లాసులో పోసి, ఇవ్వాలా వద్దా అన్నట్టు చేతిలోనే పట్టుకుని నిలబడింది. నేను అందుకుని గడగడా తాగాను. ఇంకా కొంచెం పులుసు వెయ్యమ్మా అన్నాను. ఆమె కళ్లలో ఏదో కదిలింది. తిరిగొచ్చే బస్సులో నేను నాలాంటివాడు లేడనుకుంటూ కూర్చున్నాను. ఒక గ్లాసు నీళ్లు తాగి నా మెడలో నేనే దండ వేసుకున్నాను.

మూడో నెల చివర విరుదునగర్‌లో ఒక మిరపకాయల మండీ నుంచి కబురొచ్చింది. గుంటూరు వ్యాపారులతో ఫోనులో తెలుగు మాట్లాడే మనిషి కావాలట. జీతం మిల్లు ఇచ్చేదానికి రెండింతలు. గోదాము వెనక ఉచితంగా గది. మరునాడే చేరాలి. నా తెలుగు విని గుంటూరు వాళ్లు, మా ముత్తాత మళ్లీ పుట్టాడని నవ్వడం, లారీ బిల్లుల మీద అక్షరాలు చూసి నేను తెలుగు చదవడం నేర్చుకోవడం, ఇప్పుడీ నాలుగు ముక్కలు రాయగలగడం, అన్నీ ఆ ఉద్యోగం పుణ్యమే. దాన్ని వదులుకోమని ఎవరూ అనరు. ఎలా బయల్దేరానన్నదే నా తప్పు. అరుళ్‌తో, మిగిలిన ఎనిమిది నెలలూ నా సగం అద్దె నెలనెలా మనియార్డరు చేస్తానన్నాను. వాడు సరేనన్నాడు. మిల్లు బయట టీ కూడా వాడే తాగించాడు. సాయంత్రం పెట్టె తీసుకోవడానికి పోయి గురవమ్మతో వేరే మాట చెప్పాను. "నా వంతు అడ్వాన్సులో కళిచ్చుకోండి, పెద్దమ్మా" అన్నాను.

కళిచ్చుకోవడం అంటే మినహాయించుకోవడం. అరవం నుంచి మా ఇళ్లలోకి వచ్చిన మాట. చెప్పేవాడి జేబులోంచి పైసా కదలదు, పని అయిపోతుంది. అడ్వాన్సులో నా భాగం రెండున్నర నెలల అద్దె. నేను ఎగ్గొట్టబోయే ఎనిమిది సగాలు నాలుగు నెలల అద్దె. ఆ మిగతాది ఎవరి భాగంలోంచి కళిస్తారో లెక్క తెలియనివాణ్ణి కాను. మండీలో నన్ను పెట్టుకున్నది తెలుగుకు ఎంతో లెక్కకూ అంతే. జీతం తీసుకున్న మొదటి నెల మనియార్డరు ఫారం కొన్నాను కూడా. గురవమ్మ ఎటూ కళిచ్చుకుంటుంది కదా, మళ్లీ ఎందుకు పంపడం అనుకున్నాను. ఆ ఫారం చించి వెనక వైపు మిరప ధరలు రాసుకున్నాను.

ఇంతటితో ఆగితే అద్దె ఎగ్గొట్టినవాణ్ణి మాత్రమే అయ్యేవాణ్ణి. రెండు నెలల తరవాత ఒక మధ్యాహ్నం గురవమ్మ కొడుకు మండీకి వచ్చాడు. వెనక అరుళ్ ఉన్నాడు. ఎవరో వాణ్ణి ఆదివారం చర్చి మెట్ల మీద చూసి ఆవిడకు చెప్పారట. మా ముదలాళి, అంటే మండీ యజమాని, అక్కడే కాటా దగ్గర నిలబడి బస్తాలు తూయిస్తున్నాడు. గురవమ్మ కొడుకు మర్యాదగానే, "అమ్మ అడిగి రమ్మనె. ఈయన మీ చిన్నాయన కొడుకేనా?" అన్నాడు. అరుళ్ నావైపు చూసి కొంచెం నవ్వాడు. ఔననాలి, అంతే. లేదంటే అబద్ధం నాదే, వాడిది కాదని చెప్పాలి. ముదలాళి తల తిప్పి చూస్తున్నాడు. ఔనంటే ఊరిదాకా పోతుంది, అబద్ధమాడానంటే ఉద్యోగం పోతుంది అనిపించింది. "లేదు. ఒకే రూములో ఉంటిమి, అంతే. వాడు ఎవురో నాకి తెలీదు" అన్నాను. మండీలో మిరప ఘాటుకు అందరి కళ్లలోనూ ఎప్పుడూ నీళ్లే గనక, అరుళ్ కళ్ల సంగతి నేను చెప్పలేను.

తరవాతి సంగతి మిల్లులో పనిచేసే ఒకతని ద్వారా తెలిసింది. పత్రం ఉంది గనక గురవమ్మ వాణ్ణి వెళ్లగొట్టలేదు. వీధి తలుపు మూసి, వెనక సందులోంచి రమ్మంది. మాట మానేసింది, అంబలి మానేసింది. నా బదులు ఇంకొకరిని తెచ్చుకుంటానంటే ఒప్పుకోలేదు. ఖాళీ చేస్తే అడ్వాన్సు మొత్తం పోతుందని వాడు గడువు తీరేదాకా ఉన్నాడు, తన సగం కడుతూ. ఆఖర్న ఐదు నెలల అడ్వాన్సులో నాలుగు నా వంతు కింద కళిసిపోయింది, ఒకటి సున్నానికి పోయింది. వాడు ఖాళీ చేతులతో ఊరు పోయాడు. లైసెన్సు తీయలేక ఆరేళ్లు లారీ క్లీనరుగా తిరిగాడు. ఇదంతా విని కూడా నేను కదలలేదు. కొన్నేళ్ల తరవాత విరుదునగర్ బస్టాండులో వాడు కనబడితే, పరోటా కొట్టులోకి దూరి, ఆకలి లేకుండా నాలుగు పరోటాలు తిన్నాను.

అమ్మాయి ఫోన్ తరవాత రెండు రోజులు గింజుకుని, నేనే మళ్లీ దానికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. అది అంతా విని, "అయితే నువ్వు పో నాయినా" అని మాత్రం అంది. ఇప్పటి పిల్లల కాగితాలు చూస్తే నాకు ముచ్చటేస్తుంది. ఫోనులోనే అగ్రిమెంటు, ముగ్గురి పేర్లు, ముగ్గురి ఫోటోలు, ఎవరు పోతే ఎన్ని నెలల ముందు చెప్పాలో అన్నీ రాసి ఉంటాయి. మాకు ఒక్క సంతకం, నోటితో చెప్పిన ఒక చుట్టరికం. అయినా కాగితంలో అంత వివరంగా రాసుకున్న పిల్ల కూడా పెట్టె సర్దుకుని పోయింది. కాగితం బలంగా ఉండి ఉంటే నేను నిజాయితీగా ఉండేవాణ్ణని ఇన్నాళ్లూ చెప్పుకున్న సాకు కూడా ఆ రోజుతో పోయింది. పోవాలి, ముఖం మీద చెప్పాలి, ఏమన్నా పడాలి అని గట్టిగా అనుకున్నాను. ఆ పాత మిల్లు మనిషిని పట్టుకుని అరుళ్ చిరునామా తీసుకున్నాను. ఇప్పుడు అలాంటి గది కోవిల్‌పట్టిలో ఎంతకు దొరుకుతుందో విచారించి, నాలుగు నెలల అద్దె కవరులో పెట్టుకుని, పోయిన గురువారం బస్సెక్కాను.

రైలు పట్టాలకు అవతల చిన్న మేడ. వాకిట్లో అరుళ్ ఒక పాత లోడు ఆటోకు చక్రం బిగిస్తున్నాడు. తల నెరిసింది, పొట్ట వచ్చింది. నన్ను చూసి రెండు క్షణాలు ఆగి, కొట్టుకు పోయి వచ్చినవాణ్ణి అడిగినట్టు, "వచ్చినావా, సీనన్నా" అన్నాడు. కూర్చోమన్నాడు. కూర్చుంటే నోరు రాదని తెలుసు గనక నిలబడే చెప్పాను. అద్దె ఎగ్గొట్టింది, గురవమ్మతో చాటుగా అన్నది, మండీలో అన్నది, ఏదీ మెత్తబరచలేదు. వాడు స్పానరు తుడుచుకుంటూ అంతా విన్నాడు.

"ఇది చెప్పేదానికి ఇంత కాలమా? బస్సు గంటకొకటి ఉండాదే" అన్నాడు.

కవరు తీశాను. నిజం చెప్పాలంటే, వాడు వద్దంటాడని, నేను మూడుసార్లు బలవంతం చెయ్యాలని బస్సులో సిద్ధపడి వచ్చాను. వాడు చెయ్యి చాచాడు. "అప్పటి వాడగ లెక్కా, ఇప్పటిదా?" అన్నాడు. ఇప్పటి అద్దె లెక్కేనన్నాను. మేలు అని, లోపలి నుంచి భార్యను పిలిచి కవరు ఆమె చేతిలో పెట్టాడు. ఆమె నాకు కాఫీ తెచ్చింది. మేడ మీద గదిలో ఇద్దరు బ్యాంకు ఉద్యోగస్తులు అద్దెకుంటున్నారని, ఇద్దరికీ వేరువేరు కాగితాలు రాశానని, ఒకడు పోతే వాడి సగం తనకే నష్టం గాని రెండోవాడి మీద వెయ్యనని వాడు చెప్పాడు. నన్ను పొడవడానికి చెప్పలేదు, ఇల్లు చూపిస్తూ చెప్పాడు. నేను కాఫీ ముగించి, ఇక భారం దిగిందనుకుని లేవబోయాను.

"దుడ్డు సంగతి ముగిసె. ఇంకొకటి ఉండాది" అన్నాడు అరుళ్. "అమ్మ లోపల ఉండాది."

రత్నమ్మ బతికి ఉందని నాకు తెలియదు. అప్పుడు చెప్పాడు. ఖాళీ చేతులతో ఊరు పోయిన రోజు జరిగింది జరిగినట్టు తల్లికి చెప్పాడట. ఆమె నమ్మలేదట. "మన ఇంట్లో నీళ్లు తాగిన పిల్లగాడు, నన్ను అమ్మా అనినోడు, వాడా మోసం చేసేది? నువ్వు పేకాటలో పోగొట్టి వాడి మీద చెప్తా ఉండావు" అందట. ఇన్నేళ్లూ అదే నమ్మకం. పెళ్లయినాక డబ్బు కోడలి చేతికే ఇచ్చింది. ఇప్పటికీ తన పింఛను రాగానే, "వానికి చూపించొద్దు" అని కోడలికి చెప్తుంది. వాడు నవ్వుతూనే చెప్పాడు. చివర్లో నవ్వు నిలవలేదు.

"నేను పేకల సీట్టాట ఎట్లుంటాదో కూడా చూడలే, సీనన్నా. నా మాట ఆమె నమ్మదు. నీ మాట నమ్ముతాది."

లోపల మంచం మీద రత్నమ్మ ఒక పిడికెడంత మిగిలి ఉంది. అగ్గిపెట్టెలు అతికిన వేళ్లు ఇప్పటికీ దుప్పటి అంచును మడుస్తున్నాయి. నన్ను పోల్చుకోలేదు. అరుళ్ చెవి దగ్గర వంగి చెప్పగానే ముఖమంతా విచ్చుకుంది. "సీనయ్యా, తింటివా?" అంది. ఆ ఆప్యాయత ముందు ఒక్క క్షణం, మళ్లీ ఒక్క క్షణం, నా నోరు కట్టుబడింది. ఇంత ముసలితనంలో ఆమెకెందుకీ బాధ అని ఒక దయగల సాకు లోపల అప్పుడే తయారైంది. దాన్ని నేను గుర్తుపట్టాను. మంచం పక్కన నేల మీద కూర్చుని, "అమ్మా, అరుళ్ పేకాట ఆడలే. ఆ దుడ్డు నేను తినేస్తిని" అన్నాను.

"ఏమి?" అంది.

"గట్టిగా చెప్పు. చెవుడు" అన్నాడు అరుళ్, గుమ్మంలోంచి.

గట్టిగా చెప్పాను. వీధిలో ఎవరో నడక ఆపిన చప్పుడైంది. రత్నమ్మ నన్ను చూడలేదు. తల తిప్పి కొడుకును చూసింది. చాలాసేపు చూసింది. వాడు స్పానరు ఇంకా చేతిలోనే ఉందని అప్పుడే గమనించినట్టు దాన్ని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. తరవాత ఆమె నావైపు తిరిగింది. ముఖంలో ఇందాకటి వెలుగు లేదు. ఉండాలని నేను కోరుకోలేదు.

"అప్పుడే వచ్చి చెప్పేదానికి ఏమి, నీకి? బిడ్డను ఎన్ని తిడితిని" అంది. ఆమె వంటింటి వైపు చెయ్యి ఊపి, "కోడలినీ పిలువు. అదీ వినాల. మళ్లా చెప్పు, మొదటి నుంచీ" అంది.

అరుళ్ భార్య తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. నేను నేల మీద నుంచి లేచి నిలబడి, వీధిలో ఆగినవాళ్లకు కూడా వినబడేటట్టు, గురవమ్మ గుమ్మంలో తమ్ముడని చెప్పిన దగ్గర్నుంచి మొదలుపెట్టాను.